రేవులోని వాయువు – మన్యములోని పొయ్యి

విశాఖపట్టణమునుండి ఉదయపు రైలుబండి నెక్కి అరకులోయకు బోవువారు రెండు దృశ్యములను తఱచుగ జూతురు. మొదటిది, బైలడిల్లా గనుల యినుపరాతిని నింపుకొని రేవువైపునకు దిగివచ్చు గూడ్సుబండ్ల బారు. రెండవది, బొఱ్ఱా మొదలు అరకువఱకు గల బాటలవెంట నెత్తిని వంటచెఱకు మోపులతో నడచిపోవు గిరిజనస్త్రీలు. ఈ రైలుమార్గము 1960 దశకమున జపానుదేశమునకు ఇనుపరాయి నెగుమతిచేయుటకై నిర్మింపబడినది. ఆ దశకపు తుదిని, 1969లో, ఆ జపానుదేశమే అలాస్కానుండి సహజవాయువును ద్రవరూపమున ఓడలలో దెప్పించుకొన నారంభించెను. మన కొండల మీదుగా దిగిన రాయి వారి కొలుములను జేరినది. వారికి వలసిన యింధనము మహాసముద్రమును దాటి వారి గుమ్మమును జేరినది. మన కొండలమీది పొయ్యి మాత్రము నేటికిని బెక్కుపల్లెలలో కట్టెలపొయ్యియే.

ద్రవీకృత సహజవాయువు, అనగా లోకమున ఎల్.ఎన్.జి. యని వ్యవహరింపబడు పదార్థము, నేడు ప్రపంచవాణిజ్యమున బొగ్గునకును చమురునకును సరిజోడై నిలువజూచుచున్నది. మన తూర్పుతీరమున సైత మీ వ్యాపారము వేళ్లూనినది. కావున నది యెట్లు నడచునో, అందలి లాభమెవరిదో, భారమెవరిదో మన రైతులును పట్టణవాసులును దెలిసికొనుట యవసరము.

మొదట నొక భ్రమను దొలగింపవలెను. మన వంటయింటి సిలిండరులోనిది, జనులు గ్యాసుబండ యని పిలుచునది, ఎల్.పి.జి.; అది ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమము. దానిని సాధారణమగు వేడిమియందే కొంత యొత్తిడిచే ద్రవముగ మార్చవచ్చును. అందుచేతనే యది యినుపబుడ్డిలో నొదిగి, ఎడ్లబండిమీదనైనను మనుష్యుని భుజముమీదనైనను ఏ గ్రామమునకైనను బోగలదు. సహజవాయువు ప్రధానముగ మీథేను. దానిని సాధారణోష్ణమున నెంత యొత్తినను ద్రవము కాదు. శూన్యమునకు దిగువ సుమారు 162 డిగ్రీల సెంటీగ్రేడు శైత్యమునకు దింపినగాని యది కరగి నీరువలె కాదు. అట్లయినపుడు దాని పరిమాణము ఆఱువందలవ వంతునకు దగ్గును. ఆఱువందల గదులలో బట్టు వాయువు ఒక గదిలో నిముడును. ఓడ కెక్కించుటకు వీలగుట యిందువలననే.

ఎగుమతి రేవులలో మొదట వాయువునుండి నీరు, బొగ్గుపులుసు వాయువు, గంధకసంబంధములగు మాలిన్యములు తొలగింపబడును. లేనిచో నవి గడ్డకట్టి గొట్టములను మూసివైచును. పిదప మహాశీతలయంత్రములతో దానిని ద్రవింపజేయుదురు. ఈ పనికే వాయువులో సుమారు పదియవ వంతు వ్యయమగును. నేటి సాధారణపు ఓడ 1,74,000 ఘనపు మీటర్ల ద్రవమును మోయును. కతారు దేశము చేయించుకొన్న పెద్దయోడలు 2,66,000 ఘనపు మీటర్లను మోయును. ఎంతటి గట్టి కవచమున్నను బయటి వేడి కొంత లోనికి జొచ్చును గాన, దినమునకు వేయింట నొక్కవంతు మేరకు ద్రవము మరల వాయువగుచుండును. ఆ వాయువునే మండించి యోడను నడిపించుకొందురు.

ఇక దిగుమతిచేయు రేవుకేంద్రము. దీనినే టెర్మినలందురు. ఓడ జెట్టీకి జేరగనే, కీళ్లుగల యుక్కుచేతులు దాని గొట్టములకు దగిలింపబడి ద్రవము ఒడ్డునగల తొట్లలోనికి బంపబడును. ఆ తొట్టికి లోపలిగోడ నికెలు కలిసిన ప్రత్యేకపు టుక్కు, వెలుపలిది కాంక్రీటు, నడుమ వేడిని జొరనీయని పొర. సామాన్యమగు నుక్కు అంతటి చలికి గాజువలె పగులును. 1944లో అమెరికాలోని క్లీవులాండు పట్టణమున నట్టి తొట్టియొకటి పగిలి, ద్రవము వీధులలోనికిని మురుగుకాలువలలోనికిని బ్రవహించి మండగా నూర్గురకు మించి మరణించిరి. ఆనాటి పాఠమే నేటి కట్టుబాట్లకు మూలము. తొట్టినుండి వెడలిన ద్రవమును పంపులు గొప్ప యొత్తిడితో ముందునకు ద్రోయును. పిదప దానికి వేడి దగిలింపవలెను. ఆ వేడి నిచ్చునది సాధారణముగ సముద్రజలమే. సన్నని లోహపు బలకలమీద నుప్పునీరు జాఱుచుండగా లోపలి ద్రవము మరల వాయువై లేచును. చల్లబడిన నీరు కడలిని జేరును. సహజవాయువునకు వాసన లేదు గాన, కారినచో దెలియుటకై వాయువు గృహములకు బోవుటకు ముందు దుర్గంధద్రవ్య మొకటి కలుపబడును. అటుపిమ్మట కొలత, గొట్టము, గిరాకీదారుడు. రేవుకేంద్రము చేయు కార్యమింతియే: నౌకనుండి గైకొనుట, చల్లగ దాచుట, వేడిచేసి పంపుట. ఒడ్డున దొట్లు కట్టుటకు మాఱుగా, నీ మూడుపనులను చేయు నోడనే రేవున లంగరువేసి యుంచు పద్ధతియు నీ శతాబ్దమున బయలుదేరినది.

1959లో మీథేన్ పయనీరను ఓడ అమెరికానుండి ఇంగ్లండునకు తొలిసారి యీ సరకును మోసెను. 1964లో ఆల్జీరియానుండి క్రమమగు వ్యాపారము మొదలయ్యెను. నేడు ప్రపంచమున నేటేట సుమారు 40 కోట్ల టన్నులు ఓడలెక్కుచున్నవి. 2023లో అమెరికా యెగుమతిదారులలో ప్రథమస్థానము నందుకొనెను. కొనువారిలో చైనా, జపాను, దక్షిణకొరియాల తరువాతిస్థానము మనది. 2004లో గుజరాతునందలి దహేజిలో మన మొదటి కేంద్రము పనికి వచ్చెను. పిదప హజీరా, దాభోలు, కొచ్చి, ముంద్రాలు వెలసెను. తూర్పుతీరమున 2019లో చెన్నపట్టణపు చేరువనున్న ఎన్నూరును, 2023లో ఒరిస్సాలోని ధామ్రాయు దోడైనవి. ఈ రెంటి నడుమనున్న మన యాంధ్రతీరమున 2010 తరువాత గంగవరమునను కాకినాడయందును ప్రతిపాదనలు బయలుదేరెను. 2025 వఱకు నొక్కటియు గార్యరూపము దాల్చలేదు.

అట్లగుట మనకు నష్టమా, లాభమా? ఆంధ్రులకు వాయువు క్రొత్తది కాదు. కృష్ణాగోదావరీ సముద్రగర్భమునుండి 2009 ఏప్రిలులో డి-6 క్షేత్రపు వాయువు గాడిమొగ యొడ్డుకు వచ్చినపుడు మన యాశలు మిన్నుముట్టినవి. 2010లో దినమునకు సుమారు 6 కోట్ల ఘనపు మీటర్లవఱకు బోయిన యుత్పత్తి కొలదియేండ్లలోనే క్రుంగిపోయెను. ఆ వాయువును నమ్ముకొని గోదావరీ కృష్ణా మండలములలో గట్టిన విద్యుత్కేంద్రములు ఇంధనము లేక నిలిచిపోయెను. వానికి ఋణమిచ్చిన బ్యాంకులు విలపించెను. 2020 డిసెంబరునుండి క్రొత్తబావులు తెఱవబడి క్షేత్రము కొంత తేఱుకొన్నది గాని, పోయిన కాలము మరల రాలేదు. ఇంధనము నిశ్చయము కాకముందే యంత్రములను నిలుపుట యెట్టిదో మన మనుభవించినారము.

యంత్రమున్నను గొట్టము లేనిచో నేమగునో కొచ్చి జూపినది. అచ్చట 2013లో కేంద్రము సిద్ధమయ్యెను. మంగళూరువఱకు గొట్టపుమార్గము పూర్తియై 2021 జనవరిలోగాని ప్రారంభము కాలేదు. ఆ నడిమి యేండ్లలో మహాకేంద్రము తన శక్తిలో స్వల్పభాగముతోనే కాలము గడుపవలసివచ్చెను. వివాహము నిశ్చయము కాకముందే పందిరి వేసినట్లయినది.

ధరమాట మఱింత తీవ్రము. ఆసియా విపణిలో విడిగా కొను సరకు ధర 2020 వసంతమున పది లక్షల బ్రిటిషు ఉష్ణమానములకు రెండు డాలర్లకు దిగువకు బడిపోయెను. ఉక్రెయిను యుద్ధము మొదలైన పిదప 2022 మార్చిలో అదియే యెనుబది డాలర్లను దాటెను. ధనికములగు ఐరోపాదేశములు ఎంత కైన గొనుటకు సిద్ధపడగా, పాకిస్థాను బంగ్లాదేశములలో దీపము లాఱిపోయెను. మన దేశము కొనుగోళ్లను దగ్గించుకొని తల వంచి తప్పుకొనెను. వ్రాసియిచ్చిన దీర్ఘకాలపు టొడంబడికయు నప్పుడు రక్షింపలేదు. జర్మనీ ప్రభుత్వాధీనమునకు బోయిన యొక సంస్థ గెయిలు సంస్థకు బంపవలసిన నౌకలను 2022లో నిలిపివైచెను. తగవు పరిష్కారమై పరిహారము ముట్టుటకు 2025 వచ్చినది.

ఇది పట్టణములకే సంబంధించినదని మన భూస్వాములు నిద్రించుటకు వీలులేదు. వరిచేలలో జల్లు యూరియాకు మూలము సహజవాయువే; దాని తయారీవ్యయమున సింహభాగము వాయువుదే. మన దేశపు వాయువులో సుమారు సగము విదేశపుటోడలలో వచ్చుచున్నది. కతారు రేవున ధర పెరిగినచో కోనసీమ రైతుకు బస్తాధర పెరుగదు. ఏలన ప్రభుత్వము రాయితీరూపమున భరించును. కాని యా రాయితీ యెవరి సొమ్ము? పన్ను గట్టు ప్రతివానిదియును. చోడియంబలి ద్రాగి, ఉప్పు కిరసనాయిలు కొను కొండవానిదియును.

ఇచ్చట నొక విచిత్రము గలదు. తూర్పుకనుమల నిర్మించిన ముఖ్యశిలకు ఖొండలైటని పేరు. 1902లో వాకరను భూగర్భశాస్త్రజ్ఞుడు ఈ కొండలయందు నివసించు ఖోందుల పేరిట నా నామము నిడెను. ఆ కనుమల శిలలే సముద్రమువఱకు వచ్చి విశాఖరేవున డాల్ఫిన్సునోసు కొండగా నిలిచినవి. ఆ తీరశిలల గర్భమున నూఱు మీటర్లకు మించిన లోతున 60,000 టన్నుల ఎల్.పి.జి. పట్టు గుహలు తొలిచి, 2007లో దక్షిణాసియాలో మొదటిదగు పాతాళకోశమును సిద్ధపఱచిరి. చుట్టును రాతిబీటలలోనుండు భూజలపు టొత్తిడియే లోని వాయువును బయటికి బోనీయక బంధించును. 1997 సెప్టెంబరులో విశాఖ చమురుశుద్ధి కర్మాగారమున నోడనుండి దిగుమతియగుచున్న ఎల్.పి.జి. యంటుకొని పదులకొలది ప్రాణములు పోయిన పట్టణమున నిట్టి భద్రమార్గము నవలంబించుట మెచ్చదగినదే. కాని ఖోందు పేరుగల శిల యగ్నిని గర్భమున దాచుకొనుచుండగా, నా ఖోందు స్త్రీ యింట పొగయే మిగులుట ఎట్టి న్యాయము?

ప్రభుత్వములు ఊరకుండెననుట న్యాయము కాదు. 1999లో దీపము పథకము స్వయంసహాయక సంఘముల స్త్రీలకు సిలిండర్ల నిచ్చెను. 2016లో కేంద్రప్రభుత్వపు ఉజ్జ్వల పథకము వచ్చెను. 2024 నవంబరునుండి దీపము రెండవ విడత ఏటికి మూడు సిలిండర్లు ఉచితమనెను. అదియు ముందు సొమ్ము చెల్లించి, పిమ్మట బ్యాంకు ఖాతాలో మరల బొందు పద్ధతిని మొదలయినది. పట్టణవాసికి ఇది స్వల్పవిషయము. మన్యమున ముందుగా నొకమాఱు చెల్లించు సొమ్మే దుర్లభము. బాట లేక రోగినే డోలీలో మోయవలసిన యావాసములలో నిండుబండను భుజమున మోయువాడెవడు? ఖాళీబండ నెత్తుకొని దిగి, నిండినదానిని మోసికొని యెక్కుటకు రెండుదినముల కూలి పోవును. మఱియు కొండయింటి పొయ్యి వంటకే గాదు. శీతకాలమున నది కుటుంబమునకు వెచ్చదనము, దాని పొగ అటకమీది విత్తనములకు రక్ష. కావున సిలిండరు నిచ్చితిమని లెక్క వ్రాసికొన్నంతమాత్రమున కట్టెలమోపు తలనుండి దిగదు.

రేవుకేంద్రమునకును కొండపొయ్యికిని సంబంధమేమని యడుగువారుందురు. సంబంధము కలదు. సహజవాయువు గొట్టమున్నచోటనే చౌక. కొండలకు గొట్టము వేయుట మితిమీఱిన వ్యయము. సిలిండరు ఎచ్చటికైన బోగలదు. కావున పట్టణపు వంటయిండ్లు గొట్టపు వాయువునకు మాఱినకొలది, అచ్చట మిగులు సిలిండర్లును, వానికై వెచ్చించు రాయితీయు కొండలకు మరలవలెను. మన ఎల్.పి.జి.లో సగమునకు మించి విదేశమునుండియే వచ్చుచున్నది గాన, ఒక్క సిలిండరైన వృథాపోరాదు. రేవున వాయువు దిగుట కొండకు మేలగునది ఈ యొక్క మార్గముననే. ఆ మార్గమును శాసనముచే నిర్ణయింపనిచో, వాయువు విశాఖ మేడలవద్దనే యాగిపోవును.

మా యభిప్రాయమును స్పష్టముగ జెప్పుదుము. ఆంధ్రతీరమున రేవుకేంద్రము కూడదని మేమనము. అయితే గొట్టమును గిరాకీదారుని నిశ్చయించుకొనక, వాడినను వాడకున్నను సొమ్ము చెల్లింపవలయునను నొడంబడికలపై ప్రజాధనము హామీగా నుంచరాదు. ఒడంబడికయందలి ధరసూత్రము శాసనసభ యెదుట నుంచబడవలెను. మత్స్యకారుల తీరమును, సముద్రజలపు శైత్యమార్పును బహిరంగముగ విచారింపవలెను. 2014 జూనులో కోనసీమలోని నగరము గ్రామమున గొట్టము ప్రేలి యిరువదిమందికి మించి దగ్ధులైన సంగతిని మఱచి యొక్క గొట్టమైన వేయరాదు. అన్నిటికంటె ముందు, పాడేరు, అరకు, అనంతగిరి, ముంచింగిపుట్టు సంతలలో సిలిండర్ల గోదాములు తెఱచి, సంతదినమున నిచ్చి పుచ్చుకొను నేర్పాటు గావలెను. ముందుసొమ్ము లేకుండ గిరిజనస్త్రీకి బండ దొరకవలెను. దీని కయ్యెడు వ్యయము రేవున నొక తొట్టి కట్టు వ్యయముముందు లెక్కింపదగినది కాదు.

మాచ్‌ఖండు జలపాతపు విద్యుత్తు 1955లో విశాఖకు దిగినపుడు కొండవారు తమ భూములను వదలుకొనిరి. ఇనుపరాయి రైలు వారి లోయ నడుమనే పోయెను. ప్రతిసారియు దిగిపోవుట కొండవంతు, తెచ్చుకొనుట రేవువంతు అయినది. ఈసారి రేవునుండి కొండకు ఎక్కవలసినది చిన్నవస్తువు, ఒక్క సిలిండరు. దానిని సక్రమముగ నెక్కింపలేని రాజ్యము మహానౌకల నాహ్వానించి గర్వించుట తగదు. అరకుబాటను మోపు మోయుచున్న స్త్రీ రైలుకిటికీలోని మనలను జూచుచున్నది; ఆమెకు సమాధానము జెప్పుకొన్న పిదపనే రేవున నోడకు స్వాగతము పలుకుదము.