తలకు కరెంటు పెడితే మతిమరుపు పోతుందా?

మన్నెగూడ : పొద్దున అడిగిన మాటే మధ్యాహ్నం మళ్ళీ అడగడం, పింఛను డబ్బు దాచిన చోటు మరచిపోవడం, పాలు పోసిన లెక్క తప్పడం - ఇవన్నీ ముసలితనం కింద జమ కట్టడం ఊళ్ళలో పరిపాటి. వయసుతో కొంత మరుపు సహజమే. కాని అది తోటి వయసు వారిని మించిపోతే మెదడు చేసే హెచ్చరిక కావచ్చునని వైద్యులు అంటున్నారు. అటువంటి వారికి కత్తి, సూది లేకుండా తల పైనుంచే కరెంటు ఇచ్చే చికిత్సపై అనేక దేశాల్లో పరీక్షలు సాగుతున్నాయి. దానివల్ల మేలు ఎంత?

మధ్య మెట్టు

మామూలు మరుపుకూ, మతి పూర్తిగా తప్పే డిమెన్షియాకూ నడుమ ఒక మెట్టు ఉంది. డాక్టర్లు దానిని ‘మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్’ అంటారు. ఈ దశలో మనిషి తన పనులు తానే చేసుకుంటాడు. వంట, బజారు, పొలం పని ఆగవు. జ్ఞాపకం మాత్రం తగ్గుతుంది. ఇటువంటి వారందరికీ జబ్బు ముదరదు. కొందరు అలాగే ఉండిపోతారు, కొందరు కోలుకుంటారు, కొందరు డిమెన్షియాలోకి జారుతారు.

2023లో వెలువడిన జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్ళు దాటిన వారిలో నూటికి 7.4 మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. పట్టణాల కంటే పల్లెల్లో, మగవారి కంటే ఆడవారిలో ఇది ఎక్కువ. భూముల ధరలు పెరిగిన ఈ ప్రాంతంలో మరుపు మొదలైన పెద్దలు ఏ కాగితంపై వేలిముద్ర వేస్తున్నారో ఇంటివారు కనిపెట్టి ఉండటం కూడా అవసరమే.

షాకు కాదు

తలకు కరెంటు అనగానే పిచ్చాసుపత్రి షాకు గుర్తుకు వస్తుంది. ఇది అది కాదు. మత్తు ఇవ్వరు, మూర్ఛ తెప్పించరు. ఇందులో రెండు పద్ధతులున్నాయి. మొదటిది, ఉప్పునీటిలో తడిపిన స్పాంజి ముక్కలను తలకు కట్టి బ్యాటరీతో 1 లేక 2 మిల్లీ ఆంపియర్ల కరెంటు 20, 30 నిమిషాలు పంపడం. కాస్త చురచుర, దురద అనిపిస్తాయి.

రెండవది అయస్కాంత పద్ధతి. బోరు మోటారులో ఉన్నట్లే రాగితీగ చుట్టను తల దగ్గర పెడతారు. అందులో కరెంటు క్షణక్షణం మారుతుంటే అయస్కాంత శక్తి పుట్టి, పుర్రె దాటి, మెదడు కణాలను కదిలిస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డులో 1985లో ఆంథోనీ బార్కర్ బృందం దీనిని మొదట చేసి చూపింది. తలలో లోహపు ముక్క ఉన్నవారికి ఇది పనికిరాదు. మూర్ఛ రోగం, గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ముందే డాక్టరుకు చెప్పాలి.

మందులకు లొంగని మానసిక కుంగుబాటుకు అయస్కాంత పద్ధతిని అమెరికా ప్రభుత్వ సంస్థ 2008లో అనుమతించింది. మతిమరుపుకు ఆ అనుమతి లేదు.

టొరంటో ఫలితం

కెనడాలోని టొరంటోలో 375 మంది వృద్ధులపై జరిపిన పరీక్ష ఫలితం 2024లో వెలువడింది. వీరిలో కొందరికి తేలిక మరుపు, కొందరికి లోగడ కుంగుబాటు, మరికొందరికి రెండూ ఉన్నాయి. సగం మందికి మెదడుకు కసరత్తులు నేర్పుతూ, బ్యాటరీ కరెంటు కూడా ఇచ్చారు. వారానికి ఐదు రోజుల చొప్పున ఎనిమిది వారాలు సాగింది. తర్వాత ఏటా రెండుసార్లు ఐదేసి రోజులు మళ్ళీ ఇచ్చారు. మిగతా సగానికి ఉత్తుత్తి కసరత్తు, ఉత్తుత్తి కరెంటు. అసలు చికిత్స పొందిన వారిలో బుద్ధి తగ్గే వేగం మందగించింది.

అయితే ఈ మేలు లోగడ కుంగుబాటు వచ్చిన వారిలోనే స్పష్టంగా కనిపించింది. పైగా రెండూ కలిపి ఇచ్చారు కనుక కరెంటు వాటా ఎంతో, కసరత్తు వాటా ఎంతో విడదీయలేము. కనుక ‘పది సిట్టింగులలో మతిమరుపు మాయం’ అని ఎవరైనా వేలల్లో డబ్బు అడిగితే తొందరపడరాదు.

రెండు భాషల బలం

మెదడు కసరత్తుకు యంత్రమే అక్కరలేదని హైదరాబాదు అనుభవం చెబుతున్నది. నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించింది. రెండు, అంతకు మించి భాషలు మాట్లాడేవారికి జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది. చదువురాని వారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, బజారులో ఉర్దూ మాట్లాడే మన పల్లెలకు ఇది మంచి వార్త.

ముందు చేయవలసింది

మరుపు కనిపిస్తే మొదట రక్తపరీక్ష చేయించాలి. బి12 విటమిను లోపం, థైరాయిడ్, కుంగుబాటు, కొన్ని నిద్రమాత్రలు కూడా మరుపు తెస్తాయి. వీటిని సరిచేయవచ్చు. బి.పి., షుగరు అదుపులో ఉంచాలి. చెవుడు ఉంటే మిషను పెట్టించాలి. బీడీ, సారా మానిపించాలి. పెద్దలను ఒంటరిగా మూలన కూర్చోబెట్టరాదు. ఇటువంటి కారణాలను చక్కబెడితే డిమెన్షియాలో సుమారు 45 శాతం నివారించడమో, ఆలస్యం చేయడమో సాధ్యమని 2024లో ప్రపంచ నిపుణుల సంఘం అంచనా వేసింది.

మన్నెగూడ నుంచి సాగర్ రోడ్డున నగరానికి పోతే ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రుల్లో నరాల డాక్టర్లు ఉన్నారు. వృద్ధుల సమస్యలకు 14567 నెంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. కరెంటు చికిత్స రుజువయ్యేదాకా ఆగవచ్చు గాని, పరీక్షకు మాత్రం ఆగరాదు.