ఉప్పునీటి తొట్టిలో పగడము ఎందుకు ముడుచుకొనును?

నవరత్నములలో పగడమొకటి. నగల అంగళ్లలో ఎర్రని పూసగా కనబడు ఈ రత్నము ముఖ్యముగా మధ్యధరా సముద్రమున పెరుగు ఒక జీవి యొక్క అస్థిపంజరము. ఉంగరమున పొదిగిన పగడమునకు బాధ లేదు, సుఖము లేదు. కాని సముద్రములో బ్రతికియున్న పగడమునకు రెండును కలవు. నీరు అనుకూలముగా నున్నపుడు అది పువ్వు వలె విచ్చుకొనును. అనుకూలము గానపుడు ముడుచుకొనును, రంగు మారును, తుదకు తెల్లని సున్నపురాయిగా మిగిలిపోవును.

అమెరికా, ఐరోపా దేశములలోను, ఆస్ట్రేలియాలోను పలువురు తమ ఇండ్లలో గాజుతొట్లలో సముద్రజలము వంటి నీటిని తయారుచేసికొని పగడములను పెంచుచున్నారు. ఈ విద్యలో మొదటి సంవత్సరమే కష్టమైనది. కొత్త తొట్టిలో పెట్టిన పగడము కొద్ది వారములకే వాడిపోవుట సామాన్యముగా జరుగును. అపుడు యజమాని కంగారుపడి "దీనికి ఏ మందు వేయవలెను?" అని అడుగును. అంతకంటె ముందుగా అడుగవలసిన ప్రశ్న మరొకటి కలదు: "ఈ నీటిలో ఏమి మారినది?" కొత్త తొట్టిలో పగడము చూపు బాధ చాలవరకు పగడపు జబ్బు కాదు. అది నీటిలోని లోపమును మనకు తెలుపు సూచన. ఆ సూచనను చదువు విధమును ఇచట తెలిసికొందము.

పగడము ఎట్టి జీవి?

పగడమును పూర్వులు రాయి యనియు, చెట్టు యనియు భావించిరి. 1720 తరువాతి దశకములో పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు పగడపు పువ్వులుగా తోచునవి పువ్వులు కావనియు, చిన్న చిన్న జంతువులనియు చెప్పెను. ఆనాటి పండితులు దానిని వెంటనే అంగీకరింపలేదు. తరువాత అతని మాటయే నిలిచినది.

ఆ చిన్న జంతువునకు పాలిప్ అని పేరు. అది మెత్తని సంచి వంటిది. పైన నోరు, నోటిచుట్టు స్పర్శకములు ఉండును. రాతి పగడములలో ప్రతి పాలిప్ తన క్రింద కాల్షియం కార్బొనేట్‌తో గట్టి పీట వంటి అస్థిపంజరమును నిర్మించుకొనును. వేలకొలది పాలిప్‌లు కలిసి పెరిగినపుడు పగడపు దిబ్బలు ఏర్పడును.

వెచ్చని సముద్రములలో దిబ్బలు కట్టు పగడముల కణములలో కంటికి కనబడనంత చిన్నవైన శైవలములు కాపురముండును. అవి వెలుతురును గ్రహించి కిరణజన్య సంయోగక్రియ ద్వారా ఆహారమును తయారుచేసి, అందులో చాలా భాగమును పగడమున కిచ్చును. పగడము వానికి నీడనిచ్చి, తన విసర్జనలలోని నత్రజనిని, బొగ్గుపులుసు వాయువును ఇచ్చును. పగడపు గోధుమరంగు చాలవరకు ఈ శైవలములదే. కనుక పగడమును పెంచుట యనగా ఒక జంతువును, అందులోని ఒక తోటను ఏకకాలమున పోషించుట. వెలుతురు తోటకు కావలెను. శుభ్రమైన నీరు జంతువునకు కావలెను. కాల్షియం అస్థిపంజరమునకు కావలెను. వీనిలో ఏది తప్పినను పగడము ముడుచుకొనును.

కొత్త తొట్టిలోని కొరత

కొత్త తొట్టిలో నీరు తేటగా నుండును. గాజు మెరయుచుండును. కాని కంటికి కనబడని ముఖ్యమైన బలగము ఇంకను అందులో చేరియుండదు. చేపల విసర్జనల నుండియు, తినక మిగిలిన ఆహారము నుండియు అమోనియా పుట్టును. సముద్రజలము కొంచెము క్షారగుణము గలది కనుక అమోనియా అందులో మరింత విషపూరితమగును. 1890 ప్రాంతమున రష్యా శాస్త్రజ్ఞుడు వినోగ్రాడ్‌స్కీ కొన్ని సూక్ష్మజీవులు అమోనియాను నైట్రైట్‌గాను, మరికొన్ని నైట్రైట్‌ను నైట్రేట్‌గాను మార్చి బ్రతుకునని నిరూపించెను. నైట్రేట్ వలన అపాయము చాలా తక్కువ. పొలములోని మట్టిలో జరుగు ఈ పనియే తొట్టిలోని రాళ్లమీదను, ఇసుకమీదను జరుగవలెను. ఆ సూక్ష్మజీవులు తగినంతగా పెరుగుటకు సాధారణముగా 4 నుండి 6 వారములు పట్టును. అంతవరకు పగడమును తేరాదు.

ఈ సూక్ష్మజీవులను రాళ్లతోపాటు తెచ్చుట పాత పద్ధతి. జకార్తా నగరవాసియైన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్లను వాని మీది జీవులతో సహా తొట్టిలో నుంచి, గాలిబుడగలతో నీటిని కదలించుచు పగడములను పెంచిన విధమును 1961లో వివరించెను. పొడిరాళ్లతో ప్రారంభించిన తొట్టిలో ఈ బలగము మొదటినుండి పెరుగవలసి యుండును కనుక మరింత ఓపిక కావలెను. తొలి వారములలో ఇసుకపై గోధుమరంగు పొర యేర్పడును. అది ఎక్కువగా డయాటములనెడి శైవలముల వలన కలుగును. దానిని చూచి బెదరనక్కరలేదు.

ఉప్పు లెక్క

సముద్రజలములో కిలోగ్రామునకు సుమారు 35 గ్రాముల లవణములు ఉండును. దాని విశిష్ట గురుత్వము 25 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద సుమారు 1.026. తొట్టినుండి నీరు ఆవిరియగునుగాని ఉప్పు ఆవిరికాదు. ఈ చిన్న విషయమును మరచుటయే అనేక పగడముల చావునకు కారణము.

100 లీటర్ల తొట్టిలో లీటరుకు 35 గ్రాముల చొప్పున 3,500 గ్రాముల ఉప్పు ఉన్నదనుకొందము. వారమునకు 5 లీటర్ల నీరు ఆవిరియైనది. మిగిలిన 95 లీటర్లలో అదే 3,500 గ్రాములు ఉండుటచే లీటరుకు 36.8 గ్రాములగును. పోయినది మంచినీరే గనుక మంచినీటినే పోసినచో లెక్క మరల 35కు వచ్చును. అట్లుగాక తెలియక 5 లీటర్ల ఉప్పునీరు పోసినచో 175 గ్రాముల ఉప్పు అదనముగా చేరును. నాలుగు వారములు ఇట్లే చేసిన లీటరుకు 42 గ్రాములగును. నీరు చూచుటకు ఎప్పటివలెనే తేటగా నుండును. పగడము మాత్రము మూసికొనిపోవును.

పోయు మంచినీరు కూడ శుద్ధమైనది కావలెను. కుళాయినీటిలో క్లోరిన్, బోరునీటిలో నైట్రేట్, ఇతర లవణములు ఉండవచ్చును. రాగి లేశమాత్రముగా నున్నను పగడమువంటి జీవులకు విషము. చేపల జబ్బుకు వాడు రాగిమందులను పగడములున్న తొట్టిలో వేయరాదనుట అందుకే.

కొలుచు సాధనమును కూడ పరీక్షింపవలెను. ఊగెడు ముల్లుగల హైడ్రోమీటరులో ముల్లునకు గాలిబుడగ అంటుకొన్నచో అది ముల్లును పైకెత్తి, ఉన్నదానికంటె ఎక్కువ ఉప్పు చూపును. యజమాని ఆ అంకెను నమ్మి మంచినీరు కలుపును. రిఫ్రాక్టోమీటరును వాడువారు 35 గ్రాముల ప్రమాణద్రావణముతో దానిని అప్పుడప్పుడు సరిచూచుకొనవలెను.

సున్నము, క్షారత్వము

పగడము అస్థిపంజరమును కట్టుకొనుటకు నీటినుండి కాల్షియంను, బైకార్బొనేట్‌ను తీసికొనును. సముద్రములో లీటరుకు కాల్షియం సుమారు 420 మిల్లీగ్రాములు ఉండును. బైకార్బొనేట్ మొదలగువాని మొత్తమును తెలుపు క్షారత్వము సుమారు 7 జర్మన్ డిగ్రీలు. తొట్లలో దీనిని 8 ప్రాంతమున ఉంచుట వాడుక.

ఇచట ఒక విశేషము కలదు. లీటరుకు 20 మిల్లీగ్రాముల కాల్షియం ఖర్చగునపుడు క్షారత్వము 2.8 డిగ్రీలు తగ్గును. అనగా కాల్షియం 420 నుండి 400కు తగ్గునప్పటికి క్షారత్వము 8 నుండి 5.2కు దిగిపోవును. మొదటిది నూటికి 5 పాళ్లు కూడ తగ్గలేదు. రెండవది మూడవవంతునకు పైగా తగ్గినది. కాల్షియం మాత్రమే కొలిచి "అంతయు సరిగానే యున్నది" అనుకొనువారు మోసపోవుట ఇందువలననే. తగ్గినదానిని ఒక్కసారి పెంచుటయు అపాయమే. దినమునకు ఒక డిగ్రీకి మించకుండ సరిచేయవలెను.

వేడి, వెలుతురు, ప్రవాహము

తొట్టిలోని నీరు 24 నుండి 27 డిగ్రీల సెంటిగ్రేడు మధ్య నిలకడగా నుండవలెను. 1928-29లో యంగ్ అను జంతుశాస్త్రజ్ఞుని నాయకత్వమున బ్రిటిషు బృందమొకటి ఆస్ట్రేలియా తీరమందలి గ్రేట్ బారియర్ రీఫ్‌పై పరిశోధనలు చేసెను. వేడిమికి గురియైన పగడములు తమలోని శైవలములను బయటకు విడుచుటను ఆ పరిశోధకులు గమనించిరి. శైవలములు పోగా పారదర్శకమైన మాంసము గుండ తెల్లని అస్థిపంజరము కనబడును. దీనినే వెలిసిపోవుట యందురు. వెలిసిన పగడము చచ్చినది కాదు, ఆకలితో నున్నది. పరిస్థితి త్వరగా చక్కబడినచో శైవలములు మరల చేరవచ్చును.

వెలుతురు అకస్మాత్తుగా హెచ్చినను ఇట్లే జరుగును. అంగడిలో తక్కువ వెలుతురున నున్న పగడమును తెచ్చి దీపము క్రింద పైవరుసలో పెట్టుట, నీడలో పెరిగిన మొక్కను ఒక్కసారి మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టుట వంటిది. మొదట అడుగున ఉంచి, కొన్ని వారములలో క్రమముగా పైకి తేవలెను. నీటి ప్రవాహము అన్నివైపులనుండి మారుచు తగిలినచో పగడమునకు ప్రాణవాయువు అందును, దానిపై మురికి నిలువదు. ఒకేవైపునుండి గట్టి ధార తగిలినచో మాంసము చీలిపోవును.

లక్షణములను చదువుట

పగడమును తెచ్చిన మొదటి కొద్ది దినములు అది ముడుచుకొనియుండుట సహజము. తోలుపగడమను మెత్తని జాతి అప్పుడప్పుడు కొన్నిదినములు మూసికొని, పైని మైనపు పొరను విడిచి మరల విచ్చుకొనును. దీనిని జబ్బని తలపరాదు.

పగడములన్నియు ఒకేసారి ముడుచుకొన్నచో కారణము నీటిలో కలదు. ఒకటి మాత్రమే ముడుచుకొన్నచో దాని స్థలమును, పొరుగును చూడవలెను. యూఫిల్లియా వంటి పగడములు రాత్రివేళ పొడవైన స్పర్శకములను చాచి ప్రక్కవానిని కుట్టును. కాబట్టి వాని మధ్య ఎడము ఉంచవలెను.

పగడము ముదురు గోధుమరంగునకు తిరిగినచో లోపలి శైవలములు హెచ్చినవని అర్థము. వెలుతురు చాలకపోవుటయో, నైట్రేట్, ఫాస్ఫేట్ మిక్కుటమగుటయో కారణము కావచ్చును. పాలిపోయినచో వేడియో, అధికమైన వెలుతురో కారణమగును. నైట్రేట్, ఫాస్ఫేట్ బొత్తిగా లేకున్నను పాలిపోవును. అతిశుభ్రతయు ఒక లోపమే. పాలిప్ దీపమువైపు సాగి పొడవైనచో వెలుతురు చాలదు. మాంసము ఊడి, పాలిప్‌లు లేని బోసి అస్థిపంజరము కనబడినచో అది వెలిసిపోవుట కాదు. అది అపాయకరము, ఆలస్యము చేయరాదు. క్షారత్వమును వెంటనే కొలువవలెను.

చక్కబరచు క్రమము

మొదట ఉష్ణోగ్రత, పిమ్మట ఉప్పు, అటుపిమ్మట అమోనియా, నైట్రైట్, క్షారత్వము, నైట్రేట్, ఫాస్ఫేట్ కొలువవలెను. ఇవి సరిగానున్నచో వెలుతురును, ప్రవాహమును, పొరుగును పరిశీలింపవలెను. అమోనియా కనబడినచో ఆగక, అంతే ఉప్పు, అంతే వేడి గల కొత్తనీటితో అధికభాగము మార్చవలెను. తక్కిన లోపములను నెమ్మదిగా సరిచేయవలెను.

ఒకసారి ఒక మార్పు మాత్రమే చేసి కొన్నిదినములు వేచియుండవలెను. దీపమును తగ్గించి, పగడమును జరిపి, మందు కూడ వేసినచో, బాగుపడినను చెడినను కారణము తెలియదు. ప్రయోగశాలలో విద్యార్థికి చెప్పు నియమమే ఇదియు. తేదీ, కొలత, చేసిన మార్పు వ్రాసిన చిన్న పుస్తకము ఏ మందుకంటెను మేలు.

మన దేశమున, మన సముద్రమున

మన దేశమున ఈ వినోదమునకు చట్టము హద్దు విధించినది. దిబ్బలు కట్టు రాతి పగడములు, నల్ల పగడములు, సముద్రపు విసనకర్రలు 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు మొదటి షెడ్యూలులో చేర్చబడినవి. వానిని సముద్రమునుండి తీయుట, అమ్ముట, కొనుట నేరము. కనుక పాఠశాలలో పగడమును ఉంచ ప్రయత్నింపరాదు. కాని పై లెక్కను పగడము లేకుండనే పరీక్షింపవచ్చును. రెండు సీసాలలో లీటరు నీటికి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి, ఎత్తును గుర్తించి, మూతలేకుండ ఎండలో ఉంచవలెను. ఆవిరియైన మేరకు ప్రతివారము ఒకదానిలో మంచినీటిని, రెండవదానిలో అదే ఉప్పునీటిని పోయవలెను. నెల తరువాత రెంటినుండి సమానమైన నీరు తీసి ఇగిర్చి, మిగిలిన ఉప్పును తూచినచో భేదము తెలియును.

తొట్టిలో వేడి హెచ్చినచో యజమాని పంకా పెట్టును, దీపమును తగ్గించును. సముద్రమునకు ఆ వీలు లేదు. వేసవిలో మామూలుగా నుండు గరిష్ఠ ఉష్ణోగ్రతకంటె ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారములు నిలిచినచో చాలును, దిబ్బలు వెలిసిపోవును. లక్షదీవులలో 1998లోను, 2010లోను, 2016లోను ఇట్లే జరిగినది. ప్రపంచవ్యాప్తముగా నాల్గవసారి దిబ్బలు వెలిసిపోవుచున్నవని శాస్త్రజ్ఞులు 2024 ఏప్రిల్‌లో ప్రకటించిరి. గాజుతొట్టిలో ముడుచుకొన్న చిన్న పాలిప్ చెప్పు మాటయు, లక్షదీవులలో తెల్లబడిన దిబ్బ చెప్పు మాటయు ఒక్కటే: నీరు మారినది. తొట్టిలో ఆ మాట విని సరిదిద్దుటకు ఒక యజమాని చాలును. సముద్రమునకు యజమాని ఎవరును లేరు. కాబట్టి ఆ మాటను అందరును వినవలెను.