లేచిన లోయ, కుంగిన కొండలు

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లోని గోర్ఖా ప్రాంతంలో 7.8 తీవ్రతతో వచ్చిన భూకంపం దాదాపు 9,000 మందిని పొట్టన పెట్టుకుంది. కొద్ది రోజులకే ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-1ఎ ఆ ప్రాంతం మీదుగా మళ్లీ వెళ్లింది. పాత రాడార్ చిత్రాన్నీ కొత్తదాన్నీ పోల్చితే, కాఠ్మాండు లోయ సుమారు ఒక మీటరు పైకి లేచిందనీ, ఉత్తరాన ఎత్తైన కొండల ప్రాంతం కుంగిందనీ తేలింది. 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఇది ఎలా సాధ్యం?

ఉపగ్రహం నేల మీదికి రాడార్ తరంగాలను పంపి, తిరిగొచ్చినవాటి దశను, అంటే తరంగం తన ఎగుడుదిగుడుల్లో ఏ చోట ఉందో, నమోదు చేస్తుంది. రెండోసారి దాదాపు అదే చోటి నుంచి చూసినప్పుడు దశ మారిందంటే, నేలకూ ఉపగ్రహానికీ మధ్య దూరం మారినట్టే. సెంటినెల్ తరంగదైర్ఘ్యం సుమారు 5.6 సెం.మీ. తరంగం వెళ్లి రావాలి కనుక దూరం 2.8 సెం.మీ. మారితే చిత్రంలో ఒక రంగుల పట్టీ పూర్తవుతుంది. పట్టీలను లెక్కగడితే మొత్తం కదలిక తెలుస్తుంది. ఈ పద్ధతి పేరే ఇన్‌సార్.

అయితే ఆ లెక్కను నేరుగా ఎత్తు అనుకోకూడదు. ఉపగ్రహం నిట్టనిలువుగా కాక ఏటవాలుగా చూస్తుంది. నేల పైకి లేచినా, ఉపగ్రహం వైపు పక్కకు జరిగినా దూరం తగ్గుతుంది. అందుకే ఉత్తరానికి పోతూ ఒకసారి, దక్షిణానికి వస్తూ ఒకసారి, ఎదురెదురు దిక్కుల నుంచి చూస్తారు. నేల లేస్తే రెండింటిలోనూ దూరం తగ్గుతుంది. తూర్పుకు జరిగితే ఒకదాంట్లో తగ్గి, మరోదాంట్లో పెరుగుతుంది. అలా రెండు కదలికలనూ విడదీస్తారు. ఉత్తర దక్షిణ కదలిక మాత్రం దీనికి సరిగా అందదు. గోర్ఖాలో నేల పక్కకు జరిగింది ప్రధానంగా దక్షిణానికే కాబట్టి జీపీఎస్ కేంద్రాల కొలతలు తప్పనిసరి అయ్యాయి.

భూకంపాల మధ్య కాలంలో పని ఇంకా కష్టం. అప్పుడు నేల కదిలేది ఏటా మిల్లీమీటర్లలోనే. గాలిలోని తేమ తరంగాన్ని ఆలస్యం చేసి లేని కదలికను చూపించగలదు. కాఠ్మాండులో భూగర్భ జలాలను తోడేయడం వల్ల కూడా నేల కుంగుతోంది. దాన్ని భ్రంశం (భూకంపం పుట్టే రాతి పగులు) ఖాతాలో వేయకూడదు. అందుకే ఏళ్ల తరబడి తీసిన చిత్రాలను కలిపి చూడాలి.

ఇంత శ్రమ ఎందుకంటే, భారత భూఫలకం ఏటా సుమారు 2 సెం.మీ. చొప్పున హిమాలయాల కిందికి దూరుతోంది. ఆ ఒత్తిడి భ్రంశం బిగుసుకున్న చోట పోగవుతుంది. నేల ఎక్కడ లేచిందో, ఎక్కడ కుంగిందో చూస్తే భ్రంశం ఏ లోతున, ఎంతమేర జారిందో లెక్క తేలుతుంది. 2015లో ఆ జారుడు దక్షిణాన నేల పైవరకూ రాకుండానే ఆగిపోయింది. అంటే కాఠ్మాండుకు దక్షిణాన భ్రంశంలో తక్కువ లోతున్న భాగం ఇంకా బిగుసుకునే ఉంది.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి బయలుదేరిన నైసార్ రాడార్ ఉపగ్రహం, సెంటినెల్ కంటే పొడవైన తరంగాలతో పచ్చదనం దట్టంగా ఉన్న వాలుల మీద కూడా కొలవగలదు. భూకంపం వచ్చే తేదీ ఏ ఉపగ్రహమూ చెప్పదు. ఒత్తిడి ఎక్కడ మిగిలిందో మాత్రం ఈ కొలతలు చెబుతాయి. ఏ ఊళ్లో బడులనూ ఆసుపత్రులనూ ముందుగా బలపరచాలో నిర్ణయించడానికి అది తోడ్పడుతుంది.