నీరసపు వారం దాటాక కలుద్దాం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఎందరో క్యాన్సర్ వైద్యానికి విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీభాభా ఆసుపత్రికి వెళ్తారు. ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే సమావేశానికి కూడా వాళ్లను అంత దూరం రప్పించడం అన్యాయం. టెక్కలిలోనో బొబ్బిలిలోనో, పగటిపూట, తిరుగు బస్సు అందేలా పెట్టాలి. చాలా రకాల కీమో 21 రోజులకోసారి ఇస్తారు. మొదటి వారం సాధారణంగా నీరసం ఎక్కువ. 14 రోజులకోసారి కలిస్తే, ఒక సమావేశం ఆ వారంలో పడినా తర్వాతిది కోలుకున్నాకే వస్తుంది. ఊడ్పులు, కోతలప్పుడు తోడు వచ్చేవాళ్లకూ తీరిక ఉండదు, అదీ చూసుకోవాలి.

మాటలతో జబ్బు తగ్గుతుందా అంటారు. ముదిరిన రొమ్ము క్యాన్సర్ ఉన్న స్త్రీలపై కెనడాలో జరిగి 2001లో వెలువడిన అధ్యయనంలో ఇలాంటి సమావేశాల వల్ల ఆయుష్షు పెరగలేదు. దిగులు, నొప్పి బాధ మాత్రం తగ్గాయి. నాకది చిన్న ఫలితంగా తోచదు. సమావేశానికి వస్తే జబ్బు సంగతి నలుగురికీ తెలిసిపోతుందన్న భయం న్యాయమైనదే. అందుకే బోర్డు పెట్టకుండా, అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలో ఓ గది చాలు.