చెత్తగుట్ట ఎంత దూరమునకు కనపడును?

ధవళేశ్వరము ఆనకట్ట దాటి దిగువకు పోయినకొలది నేల బల్లపరుపుగా మారును. వరిచేలు, కాలువలు, గట్లపై కొబ్బరిచెట్లు, అక్కడక్కడ ఒక గాలిగోపురమో మంచినీటి ట్యాంకో తప్ప చూపునకు అడ్డు వచ్చునది లేదు. ఇట్టి సీమలో పది మీటర్ల చెత్తకుప్ప కూడ కొండవలె కానవచ్చును. రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము మొదలైన పట్టణముల చెత్తను ఎక్కడనో ఒకచోట పోయక తప్పదు. జనము పెరిగినకొద్ది ఆ స్థలమును, అనగా డంపింగ్ యార్డును, పెంచక తప్పదు. పెంచునపుడు మురుగునీరు, దుర్వాసన, ఈగల సంగతి ఎవరైనను ఆలోచింతురు. గుట్ట ఏ ఊరివారి కంటికి ఎంత మేర కనపడునను సంగతి మాత్రము అది పైకి లేచిన పిమ్మటనే జ్ఞప్తికి వచ్చుట కద్దు. దీనిని ముందుగా లెక్కించుటకు ఉన్నత పాఠశాలలో నేర్పు త్రికోణమితి చాలును.

కంటికి ముఖ్యమైనది వస్తువు ఎత్తు కాదు, ఆ ఎత్తు కంటివద్ద చేయు కోణము. పూర్ణచంద్రబింబము మనకు సుమారు అర డిగ్రీ కోణములో అగపడును. చేయి చాచి చూచినపుడు బొటనవ్రేలి వెడల్పు సుమారు 2 డిగ్రీలు. 25 మీటర్ల గుట్ట 500 మీటర్ల దూరమున నున్నవానికి దాదాపు 3 డిగ్రీల కోణము చేయును. అనగా అయిదారు చంద్రబింబములను ఒకదానిపై నొకటి నిలిపినంత ఎత్తు. అదే గుట్ట 10 కిలోమీటర్ల నుండి చూచిన చంద్రబింబములో మూడవవంతు కూడ ఉండదు. భూమి గుండ్రని దగుటచే ఏ వస్తువైనను కొంత దూరము పోగా దిగంతము క్రిందికి దిగిపోవును. ఏ అడ్డును లేనిచో 25 మీటర్ల గుట్ట కొన సుమారు 22 కిలోమీటర్ల వరకు కనపడవలెను. అయితే అంత దూరమున పొగమంచు, చెట్లు దానిని కప్పివేయును. కావున పరిశీలింపవలసినది ముఖ్యముగా మొదటి రెండు మూడు కిలోమీటర్లు.

ఇక గుట్టను పెంచుట రెండు విధములు. కుప్ప శంకువు ఆకారములో నున్నదనుకొందము. ఇప్పటి ఎత్తు 10 మీటర్లు. చెత్త రెట్టింపు కావలెను. అడుగు వైశాల్యము మార్చకున్నచో ఎత్తు 20 మీటర్లగును, కంటివద్ద కోణమును రెట్టింపగును. వాలు మార్చకుండ అన్ని వైపులకు పెంచినచో ఎత్తు 12.6 మీటర్లతో ఆగును, కాని అడుగు వైశాల్యము ఒకటిన్నర రెట్లు దాటును. ఆ అదనపు నేల డెల్టాలో రెండు పంటల మాగాణియే. గోతులు త్రవ్వి లోతునకు పోవుటకును వీలులేదు, కొద్దిలోతుననే నీరు ఊరును. కనుక ఎత్తా, వెడల్పా అను ప్రశ్న ఇచట కేవలము అందమునకు సంబంధించినది కాదు. నిట్టనిలువుగా పెంచుటలో ప్రమాదమును ఉన్నది. ఢిల్లీలోని గాజీపూర్ గుట్ట 2017 సెప్టెంబరు 1న ఒకవైపు విరిగిపడి ఇద్దరు మరణించిరి. అయినను అది పెరుగుచునే పోయి, 2019 నాటికి సుమారు 65 మీటర్లకు, అనగా కుతుబ్ మీనారు ఎత్తునకు చేరువకు వచ్చెను.

వెనుకనున్న దృశ్యము కూడ లెక్కకు వచ్చును. విశాఖపట్టణపు కాపులుప్పాడ యార్డు చుట్టుప్రక్కల కొండలున్నవి. అచట గుట్ట అంచు కొండ రంగులో కలిసిపోవుటకు అవకాశము కలదు. డెల్టాలో వెనుక ఆకాశము తప్ప వేరొకటి లేదు. ఆకాశరేఖను చీల్చు వస్తువు చిన్నదైనను కన్ను వెంటనే పట్టుకొనును. తెల్లని ప్లాస్టిక్ సంచులు ఎగురుచున్న కుప్పకును, పచ్చగడ్డి మొలచిన దిబ్బకును ఎత్తు ఒకటే అయినను చూపునకు చాల భేదము. 2016 నాటి ఘనవ్యర్థాల నియమములు మూసివేయు గుట్టపై మొక్కలు పెరుగుటకు 45 సెంటీమీటర్ల మట్టిపొర ఉండవలెనని విధించినవి. హైదరాబాదు సమీపమున జవహర్‌నగర్‌లో పాత గుట్టను ఇట్లే మట్టితో కప్పి గడ్డి పెంచిరి.

చెట్లు నాటి మరుగుచేయుదమని అందరు చెప్పుదురు. ఎక్కడ నాటవలెనను దానిలోనే చిక్కు ఉన్నది. 15 మీటర్ల చెట్లవరుస గుట్ట పాదముననే ఉన్నచో 500 మీటర్ల దూరమున నున్నవానికి అది 2 డిగ్రీలకు లోపే, 25 మీటర్ల గుట్ట దానిపై తొంగిచూచును. అదే వరుస చూచువానికి 100 మీటర్ల దూరమున నున్నచో 8 డిగ్రీల వరకు మరుగుచేసి గుట్టను పూర్తిగా దాచును. అనగా చెట్లు యార్డు కంచె వెంబడి మాత్రమే గాక ఊరి అంచున కూడ ఉండవలెను. అందును కొబ్బరి ఒక్కటే చాలదు. దాని మట్టలు పైన ఉండును గాని మానుల సందులనుండి గుట్ట కనపడుచునే ఉండును. క్రింద గుబురు పొదలు, నడుమ సరుగుడు ఉండిన మేలు. కడియపు నర్సరీలకు ఇట్టి మొక్కలు క్రొత్త కావు. 1996 నవంబరు 6 నాటి తుఫానులో కోనసీమ కొబ్బరితోటలు ఎట్లు నేలకొరిగినవో తలచుకొన్నచో, ఒకే జాతిపై ఆధారపడుట ఎంత పొరపాటో తెలియును.

లెక్క సరియగునో కాదో చూచుటకు తేలిక ఉపాయము కలదు. గుట్ట రాబోవు ఎత్తునకు త్రాటితో ఒక పెద్ద గాలిబుడగను ఎగురవేసి, ఊరి నలుమూలలనుండి ఫొటోలు తీసి, వాటిపై గుట్ట ఆకారమును గీయుదురు. గాలి లేని ఉదయము ఈ పనికి అనుకూలము. ఫొటోలు తీయు చోట్లను ఎంచుటలో కాలువగట్టును మరువరాదు. గట్టుపై నడచువాడు క్రింది చెట్లమీదుగా చూచును. బస్సులో పోవువానికి గుట్ట రెండు నిమిషములు కనపడి పోవును. బడి వరండా నుండి చూచు పిల్లలకు మాత్రము అది ఏడాది పొడవున ఎదురుగానే ఉండును. కనుక బడి వరండా నుండి తీసిన ఫొటోకు బస్సు కిటికీ నుండి తీసిన దానికంటె ఎక్కువ విలువ కట్టవలెను.