నాలుగు వాట్లు, తొమ్మిది అడుగుల ఏరియల్

డబ్బా మీద పెద్దక్షరాలతో రాసినదాన్ని నేను చదవను. తెనాలిలో ముప్పై ఏళ్ళు రేడియోలు బాగుచేస్తే అంటుకున్న అలవాటు. 2024 అక్టోబరులో టెక్సస్‌లో మా అమ్మాయి దగ్గరున్నప్పుడు, డాలస్‌కు తూర్పున కాంటన్ అనే ఊళ్ళో నెలనెలా జరిగే సంతకి తీసుకెళ్ళారు. వాళ్ళు పాత కుర్చీలు బేరమాడుతుంటే, తుప్పు పట్టిన పానాల మధ్య నాకో కోబ్రా 29 సెట్టు కనబడింది. మెరిసే ముఖం, మధ్యలో ముల్లు మీటరు, ఉంగరాల తీగకు వేలాడే చేతి మైకు. ముప్పై డాలర్లన్నాడు.

"మావయ్యగారూ, ఫోన్లొచ్చాక దీంతో ఎవరు మాట్లాడతారండీ?" అన్నాడు అల్లుడు.

"లారీవాళ్ళు మాట్లాడతారు బాబూ," అని కొనేశాను.

సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. పరీక్ష, లైసెన్సు, నెలసరి బిల్లు ఏవీ లేకుండా మామూలు జనం మాట్లాడుకోడానికి అమెరికా ప్రభుత్వం వదిలిపెట్టిన దారి. ఒకప్పుడు అక్కడా లైసెన్సు ఉండేది, 1983లో ఎత్తేశారు. మనమూ రేడియో కొనుక్కుని పోస్టాఫీసులో ఏటేటా రుసుము కట్టి పుస్తకంలో ముద్ర వేయించుకున్నవాళ్ళమే కదా. 1973 చమురు కరువు తర్వాత గంటకు 55 మైళ్ళు దాటకూడదని ఆంక్ష పెట్టేసరికి, డీజిల్ ఎక్కడ దొరుకుతోంది, పోలీసు ఎక్కడ నక్కాడు అని ఒకరికొకరు చెప్పుకోడానికి లారీవాళ్ళు దీన్ని పట్టుకున్నారు. అప్పటి అధ్యక్షుడి భార్య బెట్టీ ఫోర్డ్ కూడా 'ఫస్ట్ మామా' అనే మారుపేరుతో ఇందులో మాట్లాడింది.

మొత్తం 40 ఛానళ్ళు, 26.965 మెగాహెర్ట్జ్ నుంచి 27.405 దాకా. 9వ ఛానల్ ఆపదలకు. 19వది లారీల రచ్చబండ. బెజవాడ స్టేషన్ 837 కిలోహెర్ట్జ్ మీద ఏ పద్ధతిలో మాట మోస్తుందో ఇక్కడా అదే, ఏఎం. బలం 4 వాట్లు. మన పడగ్గది జీరో బల్బు కూడా నిజానికి అంతకంటే ఎక్కువే తింటుంది. సైడ్‌బ్యాండ్ ఉన్న సెట్లకు 12 వాట్ల దాకా ఇచ్చారు, 2021లో ఎఫ్ఎంకి కూడా ఒప్పుకున్నారు. ఈ హద్దులన్నీ చట్టం పెట్టినవి, కంపెనీలు పెట్టినవి కావు. చవక సెట్టయినా ఖరీదైన సెట్టయినా వీటిని దాటకూడదు. కాబట్టి '40 ఛానళ్ళు, 4 వాట్లు' అని గొప్పగా అచ్చువేయడం, లీటరు పాలప్యాకెట్టు మీద 'ఇందులో లీటరు పాలున్నాయి' అని రాయడం లాంటిది.

సెట్ల మధ్య తేడా మాట్లాడే వైపు కంటే వినే వైపు ఎక్కువ. స్క్వెల్చ్ అనే మర ఉంటుంది. ఎవరూ మాట్లాడనప్పుడు వచ్చే బుస్సుమనే హోరును అది నొక్కి ఉంచుతుంది. హోరు ఆగీ ఆగగానే చెయ్యి తీసెయ్యాలి. ఇంకో పావు చుట్టు తిప్పితే దూరం నుంచి సన్నగా వచ్చే గొంతు కూడా హోరుతో పాటే పోతుంది. పక్కనే లారీ ఆగి మాట్లాడితే గొంతు బద్దలై వినిపిస్తుంది, అప్పుడు ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించాలి. ఇంజను టకటకలను కోయడానికి నాయిస్ బ్లాంకర్ వేరే. నలభై ఛానళ్ళలో నాకు నచ్చిన తిక్క ఒకటుంది. 1977కు ముందు ఛానళ్ళు 23 మాత్రమే. తర్వాత చేర్చిన 24, 25 నంబర్లను 22కీ 23కీ నడుమ ఉన్న ఖాళీలో ఇరికించారు. అందుకే 23 నుంచి 24కి మర తిప్పితే ఫ్రీక్వెన్సీ పెరగదు, తగ్గుతుంది! పాత ఇళ్ళ మధ్య కొత్త ఇల్లు లేస్తే డోర్ నంబర్లు తికమకైనట్టు.

అసలు సంగతి ఏరియల్. 27 మెగాహెర్ట్జ్ తరంగం దాదాపు 11 మీటర్ల పొడవు. అందులో పావు వంతు, అంటే తొమ్మిది అడుగుల కడ్డీ నిలబెడితే అది హాయిగా పలుకుతుంది. కారు మీద తొమ్మిది అడుగులంటే ఊరేగింపు జెండాలా ఉంటుంది కనక, అడుగున తీగచుట్ట పెట్టి పొట్టి చేస్తారు. నేను అయస్కాంతం పీటతో నిలబడే మూడడుగులది తెచ్చాను. అల్లుడి పికప్ ట్రక్కు మీద పెడితే జారి కింద పడింది. రెండోసారీ పడింది. దాని ఒళ్ళంతా అల్యూమినియం అని అప్పుడు చెప్పాడు. చివరికి అమ్మాయి పాత కారు మీదికి ఎక్కించాం. అది ఇనుము.

మీటరు చూద్దును కదా, ఎస్‌డబ్ల్యూఆర్ 3 చూపించింది. ఏరియల్‌కి పంపిన బలంలో ఎంత వెనక్కి తన్నుకొస్తోందో చెప్పే లెక్క అది. 3 అంటే నాలుగింట ఒక వాటు వెనక్కే. అలాగే మాట్లాడుతూ పోతే సెట్టులో చివరి ట్రాన్సిస్టర్ కాలుతుంది. తప్పు నాదే, పీటని డిక్కీ అంచున పెట్టాను. ఏరియల్‌కి కింద వెడల్పాటి లోహం కావాలి, అది అద్దంలా పనిచేస్తుంది. కప్పు మధ్యకి జరిపి, కడ్డీని కొద్దిగా పొట్టి చేశాక 1.4కి దిగింది. వాట్లు పెంచే దొంగ యాంప్లిఫయర్లు కొనేవాళ్ళున్నారు. నాలుగు రెట్లు బలం పెంచినా వినేవాడి మీటరు ముల్లు ఒక్క గీతే లేస్తుంది. అంత లాభం ఏరియల్ సరిచేస్తే ఊరికే వస్తుంది.

మామూలుగా కారు నుంచి కారుకి నాలుగైదు మైళ్ళు. కానీ సూర్యుడి మీద మచ్చలు ముదిరిన ఏడాది కదా, ఒక మధ్యాహ్నం ఎక్కడో కెనడా గొంతు పక్క వీధిలో ఉన్నట్టు వినిపించింది. ఆకాశం మీద అయాన్ల పొర అద్దంలా తిప్పి కొట్టిందన్నమాట. 155.3 మైళ్ళు దాటిన మనిషితో మాట్లాడకూడదని 2017 దాకా అక్కడ నిబంధన ఉండేది. ఆకాశానికి చట్టం చదివి వినిపించేదెవరో!

సెట్టుని ఇంటికి తెచ్చుకోలేదు. మన దగ్గర లైసెన్సు లేకుండా వదిలింది 26.957 నుంచి 27.283 వరకే. 28వ ఛానల్ 27.285, అక్కడి నుంచి పైవన్నీ గీత దాటినట్టే.

బయల్దేరే ముందు వారం, డెంటన్ దగ్గర ఐ-35 వంతెన పక్కన కారాపి 19లో మీట నొక్కాను. ఉత్తరంగా పోతున్న లారీ డ్రైవరు ఒకాయన పలికాడు, ముందు ఎడమ లేన్ మూసేశారని చెప్పాడు. నేను '10-4' అన్నాను, అంటే అర్థమైందని. సీబీ వాళ్ళకి పదితో మొదలయ్యే సంకేతాలు బోలెడు, 10-20 అంటే ఎక్కడున్నావని. నా మారుపేరేమిటని అడిగాడు.

"తెనాలి."

కాసేపు హోరు. "టెన్-ఆలీ? పాతికేళ్ళుగా నడుపుతున్నా, ఆ కోడ్ ఎప్పుడూ వినలేదే! దానర్థమేంటి?"

మా ఊరండీ అని చెప్పేలోపు లారీ దూరమై, గొంతు స్క్వెల్చ్ కిందకి జారిపోయింది.