చచ్చిన ప్యాకెట్టు చెప్పే దారి

నల్లకుంట హాస్టల్ నుంచి ఓ పాఠకుడి ప్రశ్న: "ఆన్‌లైన్ క్లాసు మాటిమాటికీ ఆగిపోతోంది. ఎవరో చెబితే ట్రేసర్ట్ కొట్టాను. నాలుగో వరుసలో అన్నీ చుక్కలే. లైను అక్కడే తెగిందా?" తెర ఫొటో కూడా పంపారు.

తెగలేదండీ. ఎందుకో చెప్పకుండా ఉండలేను.

నెట్‌లో సమాచారం ప్యాకెట్లుగా, రౌటరు నుంచి రౌటరుకు చేతులు మారుతూ పోతుంది. మామూలుగా ఏ రౌటరూ ప్యాకెట్టు మీద తన పేరు రాయదు. మరి దారి తెలిసేదెలా?

ప్రతి ప్యాకెట్టుకూ టీటీఎల్ అని ఓ ఆయుష్షు అంకె ఉంటుంది. 255కి మించదు. దారి తప్పిన ప్యాకెట్లు ఎప్పటికీ గిరగిరా తిరగకుండా పెట్టిన ఏర్పాటు. 1981 నాటి నిబంధనలు దీన్ని సెకన్లలో కొలవమన్నాయి, కనీసం రౌటరుకొకటి తగ్గించమన్నాయి. సెకన్ల లెక్క నిలవలేదు, మజిలీల లెక్కే మిగిలింది. కొత్త తరం నిబంధనలైన ఐపీవీ6లో పేరు కూడా 'హాప్ లిమిట్' అయిపోయింది. అంకె సున్నా అయితే రౌటరు ఆ ప్యాకెట్టును పారేసి, పంపినవాళ్లకు చావు కబురు పంపుతుంది. కబురు మీద తన చిరునామా ఉంటుంది!

ఇక్కడే ఉంది తమాషా. స్టీవ్ డీరింగ్ ఇచ్చిన సలహాతో వాన్ జాకబ్సన్ 1980ల చివర్లో ట్రేస్‌రూట్ రాశారు. మీరు కొట్టిన ట్రేసర్ట్ దాని విండోస్ రూపమే. ఇలా ఊహించుకోండి: ఒక్క కూడలికి సరిపడా పెట్రోలు పోసి స్కూటరుమీద మనిషిని పంపండి, బర్కత్‌పురాలో ఆగిపోయి ఫోను చేస్తాడు. రెండు కూడళ్లకు పోస్తే నారాయణగూడ నుంచి. మూడింటికి పోస్తే హిమాయత్‌నగర్ నుంచి. ఆయుష్షు 1, 2, 3 అని పెంచుకుంటూ, ప్రతి మజిలీకీ మూడేసి ప్యాకెట్లను కావాలని చంపడమే ఈ కమాండు చేసే పని.

అయితే చావు కబురు రాయడం రౌటరుకు పక్కపని. బిజీగా ఉంటే ఆలస్యం చేస్తుంది, వద్దని సెట్ చేసి ఉంటే అసలు రాయదు. అవే మీ చుక్కలు. మీ ఫొటోలో అయిదు నుంచి పదకొండు దాకా వరుసలన్నీ పలికాయి. ఆ ప్యాకెట్లన్నీ నాలుగో మజిలీ దాటినవే కదా! నేనూ ఒకప్పుడు ఇలాంటి వరుస చూపించి సర్వీసువాళ్లతో గంటసేపు పోట్లాడాను. తప్పు నాదే. పైగా ప్రతి వరుసలో కనిపించే మిల్లీసెకన్లలో తిరుగు ప్రయాణం కూడా ఉంటుంది, అది వేరే దారిన రావచ్చు.

ఇంకో మోసం ఉంది. పాత ట్రేస్‌రూట్ ఒక్కో ప్యాకెట్టుకు పోర్టు నంబరు మారుస్తుంది. పలు దారులకు రద్దీ పంచే రౌటర్లు వాటిని వేర్వేరు సంభాషణలనుకుని తలో దారికి తోలేస్తాయి. తెరమీద కనిపించే దారి ఎక్కడా లేనిదే కావచ్చు. 2006లో వచ్చిన 'ప్యారిస్ ట్రేస్‌రూట్' ఆ నంబర్లను కదలకుండా పట్టి ఉంచి ఈ తప్పు దిద్దింది.

ఉపయోగమా? గాజు తీగలో కాంతికి వెయ్యి కిలోమీటర్లకు సుమారు 5 మిల్లీసెకన్లు పడుతుంది, రానూపోనూ 10. ఒక వరుసలో పెరిగిన అంకె చివరిదాకా తగ్గకపోతేనే లెక్కలోకి తీసుకోవాలి. 2003లో నిక్సీ (దేశంలోని నెట్ కంపెనీల లైన్లు కలిసే కూడలి) రాకముందు మన దేశంలో ఒక కంపెనీ లైను నుంచి మరో కంపెనీ లైనుకు పోయే ప్యాకెట్లు తరచూ విదేశాలు చుట్టొచ్చేవి. అలాంటి చుట్టు ఈ అంకెల్లో దాగదు. కస్టమర్ కేర్‌కు ఇదంతా చూపించినా "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు, అది వేరే సంగతి.

మీ విషయంలో మాత్రం వాళ్ల మాటే నిజం కావచ్చు. మొదటి వరుస అంటే మీ హాస్టల్ రౌటరే. అక్కడ ఒకటో రెండో మిల్లీసెకన్లు ఉండాలి. మీ ఫొటోలో 94 ఉంది, చివరి వరుస దాకా అది తగ్గలేదు. వైఫై వదిలేసి, రౌటరుకు కేబుల్ తగిలించి మళ్లీ కొట్టి చూడండి.